అన్‌డెడ్ సైన్యాన్ని మనిషి ఆడాలా, డైస్‌కి వదిలేయాలా?

మారతహళ్ళి_జెండా:
మేం నలుగురం ఫ్రెండ్స్. వీలైన ఆదివారాల్లో బెంగళూరు మారతహళ్ళిలో మా ఫ్లాట్‌లో చిన్న బొమ్మల సైన్యాలతో ఫాంటసీ యుద్ధాలు ఆడుకుంటాం. డైనింగ్ టేబుల్ మీద ప్లైవుడ్ షీటు వేస్తే నాలుగడుగులకి నాలుగడుగులు వస్తుంది. కొత్త టీవీ పెట్టెలో వచ్చిన థర్మోకోల్ కోసి గుట్టలు చేసుకున్నాం. రూల్స్ 2010లో వచ్చిన వార్‌హామర్ అనే బొమ్మల యుద్ధం ఆట ఎనిమిదో ఎడిషన్. ముగ్గురికి మనుషులు, ఎల్ఫులు, డ్వార్ఫులు ఉన్నాయి. నాలుగో అతనిది అన్‌డెడ్, అంటే చచ్చి లేచిన సైన్యం: అస్థిపంజరాలు, జాంబీలు, వాటిని లేపే మాంత్రికుడు నెక్రోమాన్సర్.

గొడవేంటంటే, ప్రతిసారీ ముగ్గురం కలిసి ఒక్కడి మీద పడుతున్నాం. పడిపోయిన అస్థిపంజరాలని అతను మళ్ళీ లేపినప్పుడల్లా మావాళ్ళలో ఎవరో ఒకరు రూల్‌బుక్ తీస్తారు. అక్కడే అరగంట పోతుంది. ఇక నలుగురం ఒకే పక్కన నిలబడి, అన్‌డెడ్‌ని మాత్రం ముందే రాసుకున్న రూల్స్‌తో, డైస్‌తో నడుపుదామని మాట వచ్చింది. ఇద్దరు సరేనన్నారు, ఇద్దరు కుదరదన్నారు. మీరేమంటారు?

ఇంచిటేపు:
నా ఓటు డైస్‌కే. ఇంకే సైన్యమైనా అయితే ఒప్పుకునేవాణ్ణి కాదు. బతికున్న సైన్యాన్ని ఆడేవాడికి సగం పని భయంతోనే: ఎవరు నిలబడతారు, ఎవరు పారిపోతారు, మీదికి దూసుకొచ్చే దాడిని (ఛార్జ్) కాసుకోవాలా, వెనక్కి పరిగెత్తాలా. అన్‌డెడ్‌కి ఆ బాధే లేదు.

మీ రూల్స్‌లోనే చూడండి. ఐదేసి చొప్పున ఐదు వరసల్లో పాతిక అస్థిపంజరాలున్నాయి. నైట్స్ (గుర్రాల మీది యోధులు) ఎదురుగా వచ్చి ఛార్జ్ చేసి ఆరింటిని పడగొట్టారు. పోరులో పైచేయి ఎవరిదో తేల్చే పాయింట్లలో వాళ్ళకి ఆ ఆరు, ఛార్జ్‌కి ఒకటి, జెండాకి ఒకటి కలిపితే ఎనిమిది. అస్థిపంజరాలు ఒక నైట్‌ని పడగొట్టాయి. మిగిలిన పందొమ్మిదిలో ముందు వరస కాక నిండుగా ఉన్నవి రెండు వరసలు, వాటికి రెండు, జెండాకి ఒకటి, మొత్తం నాలుగు. తేడా నాలుగు. అక్కడున్నది మనుషులైతే లీడర్‌షిప్ టెస్ట్ (ధైర్యంగా నిలబడతారో లేదో డైస్ వేసి చూడటం), ఫెయిలైతే పరుగు, వెనక తరుముడు. అస్థిపంజరాలైతే ఆ తేడాకి ఇంకో నాలుగు రాలతాయి, మిగతా పదిహేను అక్కడే నిలబడి కొడతాయి. ఇందులో మనిషి కూర్చుని తేల్చాల్సింది ఏమీ లేదు, రూల్సే తేల్చేశాయి.

ఇది కొత్త ఆలోచన కూడా కాదు. 1989 నాటి హీరోక్వెస్ట్‌లో దుష్ట మాంత్రికుణ్ణి ఒక ఆటగాడు ఆడాలి. 2021లో అదే ఆట మళ్ళీ వచ్చాక ఆ పాత్రని ఫోన్ యాప్‌కి అప్పగించే వీలు కూడా ఇచ్చారు. 2018లో వచ్చిన రేంజర్స్ ఆఫ్ షాడో డీప్‌లో అయితే మొదట్నుంచీ శత్రువుల వైపు మనిషే ఉండడు. నలుగురైనా ఆడుకోవచ్చు, ఒక్కరైనా ఆడుకోవచ్చు.

వైట్‌ఫీల్డ్_కవాతు:
ఇంచిటేపు గారూ, మీరు చెప్పింది అస్థిపంజరాల గురించి. నేను వాటి జనరల్ గురించి మాట్లాడతాను. సైన్యానికి బుర్ర లేకపోబట్టే దాన్ని నడిపేవాడికి రెండింతలు బుర్ర ఉండాలి. 12 అంగుళాల లోపల జనరల్ ఉంటేనే మార్చ్ (రెట్టింపు దూరం నడక), లేకపోతే నత్తనడక. అందుకని అతను ముందుకి రావాలి. కానీ చస్తే సైన్యం మొత్తం రాలిపోవడం మొదలవుతుంది కాబట్టి మరీ ముందుకి రాకూడదు. ఎంతదాకా రావాలన్న లెక్కే అన్‌డెడ్ ఆటంతా.

ఒక ఆటలో నేను కళ్ళారా చూసింది చెప్తాను. అన్‌డెడ్ ఆడుతున్న ఫ్రెండ్ జాంబీల యూనిట్‌ని నైట్స్ ముందు నేరుగా పెట్టకుండా కొంచెం ఏటవాలుగా తిప్పి పెట్టాడు. మేం నవ్వుకుని ఛార్జ్ చేశాం. ఛార్జ్ తగిలాక నైట్స్ ఆ ఏటవాలుకే సర్దుకుని నిలబడాలి కదా. జాంబీలని మొత్తం తుడిచేశాక ఊపులో ముందుకి దూసుకెళ్తే, వెళ్ళింది మాకు అక్కర్లేని వైపుకి. మా నైట్స్ పక్క భాగం మొత్తం అతని గ్రేవ్ గార్డ్‌కి (అన్‌డెడ్‌లో మేటి సైనికులు) దొరికిపోయింది. ఇరవై జాంబీలని కావాలని పోగొట్టుకుని ఆట లాగేసుకున్నాడు. "దగ్గరున్న శత్రువు వైపు నడువు" అనే రూల్ ఈ పని చేయగలదా?

బ్రష్షు_నీళ్ళు:
రూల్స్ సంగతి మీరు చూసుకోండి. నన్ను ఆపుతున్నది వేరే. ఆ నాలుగో అబ్బాయి ఒక్కో అస్థిపంజరానికీ ప్రైమర్ కొట్టి, ఎముకల రంగు వేసి, పైన సందుల్లోకి దిగే పల్చటి గోధుమరంగు వాష్ పోసి, ఆరాక పక్కటెముకల అంచుల మీద మళ్ళీ తెలుపు అద్ది ఉంటాడు. రాత్రులు కూర్చుంటే తప్ప అయ్యే పని కాదు. అలాంటి సైన్యాన్ని టేబుల్ మీద పెట్టి "నువ్వు ముట్టుకోకు, డైస్ నడుపుతుంది" అంటే అతనికి ఎలా ఉంటుంది? కుదరదన్న ఇద్దరిలో అతనున్నాడా? ముందు అది చెప్పండి.

మారతహళ్ళి_జెండా:
లేడండీ. సరేనన్నవాళ్ళలోనే ఉన్నాడు. తన అస్థిపంజరాలు ఎదురుగా నడిచి వస్తుంటే ఎలా ఉంటుందో తనూ చూడాలంటున్నాడు. పైగా ముగ్గురి టర్న్‌లూ అయ్యేదాకా ఖాళీగా కూర్చోవడం విసుగొచ్చిందట. నా మనుషుల సైన్యంలోంచి నైట్స్‌ని అతనికి ఇస్తానన్నాను.

బ్రష్షు_నీళ్ళు:
అయితే నా అభ్యంతరం సగం పోయినట్టే. మిగిలిన సగం మాత్రం ఉంది: లేపడానికి డైస్ వేసేది అతనే అయుండాలి. పడ్డ అస్థిపంజరాన్ని ట్రే (యూనిట్ మొత్తాన్ని నిలబెట్టి జరిపే పలక) మీదికి తిరిగి నిలబెట్టేది దాన్ని పెయింట్ చేసిన చెయ్యే కావాలి.

ఇంచిటేపు:
అది న్యాయమైన కోరిక, రూల్‌లో రాసేసుకోండి. కవాతు అన్నా, మీ ఏటవాలు జాంబీల సంగతికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. అంత తెలివి డైస్‌కి రాదు, నిజమే. కానీ జనరల్ సమస్యకి మాత్రం మందుంది. నెక్రోమాన్సర్‌కి విడిగా మూడు ఆజ్ఞలు రాయండి, పైనుంచి కిందికి ఏది ముందు వర్తిస్తే అదే చేస్తాడు. శత్రువు 12 అంగుళాల లోపలికొస్తే దగ్గర్లోని పెద్ద యూనిట్ వెనక్కి వెళ్తాడు. అలా కాకుండా ఏ యూనిట్‌లోనైనా సగానికి పైగా పడిపోయి ఉంటే దాన్ని లేపుతాడు. ఆ రెండూ లేకపోతే అందరికంటే ముందున్న యూనిట్‌కి 12 అంగుళాలు దాటకుండా వెనకాలే నడుస్తాడు.

లేపడం మీద గొడవ కూడా ఇక్కడే తీరుతుంది. మీ ఇంటి రూల్‌గా పెట్టుకోండి: ఒక టర్న్‌లో ఒక్క యూనిట్, ఒక డైస్, పడ్డ సంఖ్య అంతే లేస్తుంది, మొదట పెట్టిన సంఖ్య దాటదు. పూర్తిగా తుడిచిపెట్టుకుపోయిన యూనిట్ మళ్ళీ లేవదు. అవతల మనిషి లేడు కాబట్టి వాదించుకోవడానికి ఎవరూ ఉండరు.

కేఆర్‌పురం_డ్వార్ఫ్:
కొత్తవాళ్ళ గురించి ఎవరూ మాట్లాడలేదు. మా ఆఫీసులో ఒకమ్మాయి చూస్తానని వచ్చింది. మొదటి ఆటే అనుభవం ఉన్నవాడి ఎదురుగా కూర్చోబెట్టాం. రెండో టర్న్‌కే ఆమె విలుకాళ్ళు పోయారు, ఆట అర్థం కాకముందే అయిపోయింది, మళ్ళీ రాలేదు. అదే మన పక్కన నిలబెట్టుకుని "ఇదిగో, ఇక్కడ కొలువు, ఇప్పుడు రెండు డైస్ వెయ్" అని చెప్తూ ఆడి ఉంటే తప్పకుండా మళ్ళీ వచ్చేది. టేబుల్ దగ్గరికి మనుషుల్ని తెచ్చే పద్ధతి ఏదైతే అదే మంచి పద్ధతి. ఈ ఊళ్ళో శనాదివారాల ట్రాఫిక్ దాటుకుని, సైన్యం పెట్టె ఒళ్ళో పెట్టుకుని వచ్చినవాణ్ణి గంటలో ఓడించి పంపడంలో నాకు ఏ ఆనందమూ లేదు.

వైట్‌ఫీల్డ్_కవాతు:
కొత్తవాళ్ళతో అయితే డైసే మేలు, దాన్ని నేను కాదనను. కానీ మారతహళ్ళి వాళ్ళు నలుగురూ కొత్తవాళ్ళు కాదు. వాళ్ళకి ఇంకో దారి ఉంది. 1824లో ప్రష్యా సైన్యం వాడిన యుద్ధక్రీడలో మధ్యలో అంపైర్ ఉండేవాడు. రెండు పక్షాలూ ఆజ్ఞలు కాగితం మీద రాసిచ్చేవి. అదే పట్టుకోండి. అన్‌డెడ్ ఓనర్ ఆటకి ముందే ఒక్కో యూనిట్‌కి ఒక్కో చీటీ రాసి మడిచి ట్రే కింద పెడతాడు: "గుట్ట దాటేదాకా ఆగు", "ఎవరు వచ్చినా ఏటవాలుగా నిలబడు", "నైట్స్ కదిలాకే కదులు". ఆ యూనిట్ టర్న్ వచ్చినప్పుడు చీటీ తెరుస్తారు. బుర్ర మనిషిది, ఆ తర్వాత అతను ఆడేది మీ పక్కనే.

ఇంచిటేపు:
చీటీలో ఏముందో అతనికి ముందే తెలుసు కదా అన్నా. తన ఉచ్చులోకి తనే నైట్స్‌ని నడిపించడు, పక్కనున్నవాళ్ళని వెళ్ళనివ్వడు కూడా. నలుగురూ తలా రెండు చీటీలు రాసి, కలిపేసి, చూడకుండా ట్రేల కింద పెడితే ఒప్పుకుంటాను.

వైట్‌ఫీల్డ్_కవాతు:
అప్పుడది మళ్ళీ డైసే అవుతుంది, చీటీల రూపంలో. ఏ చీటీ ఏ యూనిట్‌కి పడాలో తేల్చేదే జనరల్ పని. ఆ ఒక్కటి తీసేస్తే నేను ఒప్పుకోను.

మారతహళ్ళి_జెండా:
ఈ ఆదివారం ఇంచిటేపు గారి మూడు ఆజ్ఞలు, ఒక్క డైస్ లేపుడుతో ఆడుతున్నాం. లేపే డైస్ అతని చేతికే. దాని తర్వాతి ఆట కవాతు గారి చీటీలతో, చీటీలు రాసేవాడు మాత్రం ఆ రోజు మా పక్కన కూర్చోడు. ఎవరికైనా ఇంకో ఆజ్ఞ తోస్తే శనివారం లోపు రాయండి. ముఖ్యంగా, రెండు యూనిట్లు సమాన దూరంలో ఉంటే అస్థిపంజరాలు దేని మీదికి వెళ్ళాలో ఇంకా తేలలేదు.