చెవుల్లో హోరు ఉన్నవాళ్లకి ఏ ఆఫీసు ఉద్యోగం నయం? (బెజవాడ)

బీకాం_పటమట:
రెండు చెవుల్లోనూ ఎప్పుడూ సన్నగా "కీ..." మని మోత. ఈఎన్‌టీ డాక్టరు గారు చూశారు. ఆడియోగ్రామ్‌లో (వినికిడి పరీక్ష రిపోర్టు) 4000 హెర్ట్జ్ దగ్గర, అంటే సన్నటి కీచు శబ్దాల దగ్గర, వినికిడి కాస్త తగ్గింది, మిగతాదంతా నార్మల్, ఈ మోతనే టిన్నిటస్ అంటారు, దాంతో సర్దుకుపోవాలి అన్నారు. ట్యాలీ, జీఎస్టీ రిటర్నులు వచ్చు. మూడు చోట్ల రమ్మంటున్నారు. ఒకటి ఆటోనగర్‌లో లారీ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు, అకౌంట్స్. రెండోది సూర్యారావుపేటలో ఆడిటర్ గారి ఆఫీసు, అక్కడ చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది. మూడోది గన్నవరం వైపు వాయిస్ ప్రాసెస్ (కాల్ సెంటర్‌లో ఫోన్లు మాట్లాడే పని), రాత్రి షిఫ్టు, జీతం అన్నిటికన్నా ఎక్కువ. నిశ్శబ్దంగా ఉంటుంది కదా అని ఆడిటర్ ఆఫీసు వైపు మొగ్గుతున్నాను. సరైనదేనా?

ఆడియో_గది:
నిశ్శబ్దం చూసి ఎంచుకోకండి. బయట శబ్దం ఎంత తగ్గితే లోపలి మోత అంత పైకి తేలుతుంది. మీకు కావలసింది ఫ్యాను, ఏసీ లాంటి ఒకే తీరు మెత్తటి శబ్దం, 45 నుంచి 55 డెసిబెల్స్ మధ్య. ఆడిటర్ ఆఫీసుకే వెళ్లినా బల్ల మీద చిన్న టేబుల్ ఫ్యాను పెట్టుకుంటే సరిపోతుంది. ఫోన్‌లో వాన శబ్దం పెట్టుకున్నా ఫర్వాలేదు. వాల్యూం మాత్రం హోరును పూర్తిగా ముంచేసేలా వద్దు, రెండూ కలిసి వినిపించే దగ్గర ఆపండి. పూర్తిగా కప్పేస్తే మెదడు దానికి అలవాటు పడే అవకాశం ఉండదు, ఆపిన మరుక్షణం మోత మళ్లీ మొదటికొస్తుంది.

రోజంతా ఇయర్‌ప్లగ్గులు పెట్టుకుని కూర్చోవడం ఇంకా తప్పు. చెవి మామూలు శబ్దాలకే ఉలిక్కిపడటం నేర్చుకుంటుంది. 85 డెసిబెల్స్‌లో 8 గంటల దాకా ఉండొచ్చని, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుందని లెక్క. మామూలు ఆఫీసు ఆ దరిదాపులకు కూడా రాదు. అంటే ఆఫీసు శబ్దం విసిగిస్తుందే గానీ చెవిని పాడుచేయదు. ప్లగ్గులు వినాయక చవితి డీజేకి దాచుకోండి.

ఇంకొకటి. మోత ఒక్క చెవిలోనే ఉన్నా, గుండె చప్పుడుతో పాటు కొట్టుకుంటున్నట్టున్నా ఉద్యోగం సంగతి తర్వాత, ముందు ఈఎన్‌టీ దగ్గరికి వెళ్లాలి. ఉన్నట్టుండి వినికిడి పడిపోతే అదే రోజు వెళ్లాలి. మీకు రెండు చెవుల్లోనూ ఒకేలా ఉందన్నారు కాబట్టి ఇది చదివే మిగతావాళ్ల కోసం రాశాను. చేరేముందు ఆడియోగ్రామ్ కాపీ ఒకటి దగ్గర పెట్టుకోండి, ఏడాది తర్వాత పోల్చుకోవడానికి పనికొస్తుంది.

ఇంటీరియర్_పని:
ఉద్యోగాన్ని కాదు, సీటుని చూడండి. ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు మీరు కూర్చోబోయే చోటు చూపించమని అడగండి. అక్కడ ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. శబ్దం "ఖంగ్" మని సాగితే అది టైల్స్, గ్లాసు, పెయింటు గోడల గది. అలాంటి గదిలో నాలుగు కుర్చీలు దూరం జరిగినా పెద్ద తేడా రాదు. ఫాల్స్ సీలింగ్, కర్టెన్లు, ఫైళ్ల ర్యాకులు ఉన్న గది నయం. మూల సీటు ప్రశాంతంగా ఉంటుందనుకుంటారు గానీ ఏసీ గుయ్‌మనే శబ్దం మూలల్లోనే పోగవుతుంది.

శబ్దాన్ని ఫోన్ యాప్‌తో కొలిస్తే "ఎ వెయిటింగ్" (మన చెవి వినే తీరుకు దగ్గరగా కొలిచే సెట్టింగు) పెట్టి, కుర్చీలో చెవి ఎత్తున పట్టుకుని 10 నిమిషాల సగటు చూడండి. ఒక్క క్షణం అంకె చూసి ఏమీ తేల్చకండి. యాప్ కొన్ని డెసిబెల్స్ అటూ ఇటూ చూపిస్తుంది, రెండు ఆఫీసుల్నీ అదే ఫోన్‌తో పోల్చుకోవడానికైతే చాలు. జనరేటర్ ఎక్కడుందో కూడా అడగండి. మూత ఉన్న సెట్టుకు 1 మీటరు దూరంలో 75 డెసిబెల్స్ అని పొల్యూషన్ బోర్డు పరిమితి. తలుపు తీసి నడిపితే ఆ లెక్కకు అర్థం లేదు, మన దగ్గర చాలాచోట్ల తీసే నడుపుతారు.

ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో అసలు గొడవ లారీలు కాదు, డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు. ఎల్‌ఆర్‌లు (లారీ రసీదులు) కార్బన్ కాపీలతో కొట్టాలి కాబట్టి అది ఉంటుంది. సూదులు రిబ్బన్ మీద కొట్టే ఆ కీచు చెవికి గట్టిగా తగులుతుంది. కాగితం ఇరుక్కుంటోందని పై మూత తీసేసి వాడతారు, మూత వేయించండి. కింద మందపాటి రబ్బరు షీటు వేయండి. రేకు బల్ల మీదుంటే బల్లే డప్పులా మోగుతుంది, చెక్క బల్ల మీదికి మార్పించండి.

హెచ్చార్_బల్ల:
వాయిస్ ప్రాసెస్ గురించి ఎవరూ చెప్పలేదు. హెడ్‌సెట్ కన్నా నాకు రాత్రి షిఫ్టే భయం. నిద్ర చెడితే హోరు పెరిగినట్టుంటుంది, హోరు వల్ల మళ్లీ నిద్ర రాదు. బండి మీద హైవేలో వెళ్తే హెల్మెట్ లోపల గాలి హోరు ఒకటి. వేగం 60 దాటితే అది ఆఫీసు శబ్దాన్ని మించిపోతుంది, కంపెనీ క్యాబ్ ఉంటేనే ఆలోచించండి.

ఆడిటర్ ఆఫీసులో కూడా పని ఏడాది పొడుగునా ఒకేలా ఉండదండీ. ప్రతి నెలా 11కి జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల రిటర్ను), 20కి 3బి (పన్ను కట్టే రిటర్ను) ఉంటాయి, సెప్టెంబరులో ట్యాక్స్ ఆడిట్లు. ఆ రోజుల్లో ఎన్నింటికి ఇంటికి పంపుతారో పాత ఉద్యోగిని అడిగి తెలుసుకోండి.

ఇంటర్వ్యూలో హోరు సంగతి మీరుగా చెప్పక్కర్లేదు. ఫారంలో ఆరోగ్యం గురించి అడిగితే మాత్రం దాచకండి. ఆఫర్ లెటర్ వచ్చాక ఒక మెయిల్ పెట్టండి: "ప్రింటరుకి, పాంట్రీకి దూరంగా సీటు, చిన్న ఫ్యానుకి అనుమతి". అంతే, మెడికల్ కథ రాయకండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో వినికిడి లోపం అంటే రెండు చెవుల్లోనూ మాట వినే ఫ్రీక్వెన్సీల్లో 60 డెసిబెల్స్ తగ్గుదల. మీ రిపోర్టుకి సర్టిఫికెట్ రాదు, దాన్ని నమ్ముకుని బేరమాడకండి.

బీకాం_పటమట:
అందరికీ థాంక్సండీ. వాయిస్ వాళ్లు పగటి షిఫ్టు కూడా ఉందన్నారు, కానీ ఒక చెవి హెడ్‌సెట్ మాత్రమే ఇస్తారట. అదైతే రెండో చెవి ఖాళీగా ఉంటుంది, మంచిదేగా?

ఆడియో_గది:
మంచిది కాదు. ఖాళీ చెవిలోంచి హాలు గోల వస్తుంటే దాన్ని దాటి వినడానికి తెలియకుండానే వాల్యూం పెంచుతారు. రెండు చెవులదైతే తక్కువ వాల్యూంలోనే మాట అర్థమవుతుంది. లైన్లో హఠాత్తుగా వచ్చే కీచు శబ్దాన్ని ఆపే లిమిటర్ ఉన్న మోడల్ అడగండి. డబ్బా మీద "నాయిస్ క్యాన్సిలింగ్" అని ఉంటే మురిసిపోకండి, చాలావాటిలో అది మైకుకి మాత్రమే, దాని లాభం అవతలివాళ్లకి. సొంత యూఎస్‌బీ హెడ్‌సెట్‌ని సిస్టమ్ ఒప్పుకోకపోవచ్చు, కొనేముందు వాళ్ల ఐటీ వాళ్లని ఏ మోడళ్లు పనిచేస్తాయో అడిగి తెలుసుకోండి.