గ్లిజరిన్ చాలదా? టోనర్‌లో హైలురోనిక్ యాసిడ్ పేరుకు అంత ధర పెట్టాలా?

బైరాగిపట్టెడ
మా చెల్లెలు ఆరు వందలు పోసి హైడ్రేటింగ్ టోనర్ (మొహం కడిగాక తేమ కోసం రాసుకునే నీళ్ళలాంటి ద్రవం) కొనుక్కుంది. పెట్టె ముందు వైపు నీలిరంగు నీటిబొట్టు, దాని కింద ‘హైలురోనిక్ యాసిడ్’ అని, తేమ పట్టి ఉంచే పదార్థం పేరు, పెద్దక్షరాల్లో. వెనక్కి తిప్పి చదివితే వరస ఇదీ: నీరు, గ్లిజరిన్, బ్యుటిలీన్ గ్లైకాల్, పాంథెనాల్, ఫినాక్సీఇథనాల్, సోడియం హైలురోనేట్, సువాసన. ఆ ఆరోదే హైలురోనిక్ యాసిడ్ లవణం. ముందు వైపు హీరో, వెనక చివరి నుంచి రెండోవాడు!

మన కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం ఒక శాతం దాటిన పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకు వరసగా రాయాలి. ఒక శాతం, అంతకన్నా తక్కువ ఉన్నవాటిని ఆ తర్వాత ఎట్లా రాసినా సరే. ఫినాక్సీఇథనాల్ పాడవకుండా వేసేది, ఒక శాతం మించకూడదు. కాబట్టి దాని వెనక నిలబడ్డవన్నీ ఒక శాతం మించనివే. తేమ పట్టే పని చేస్తున్నది గ్లిజరిన్, పేరు మాత్రం ఇంకొకరిది. అదే గ్లిజరిన్ మందుల షాపులో చిన్న సీసా ఎంతకొస్తుందో అందరికీ తెలుసు. కాదనేవాళ్ళు చెప్పండి.

మెట్లదారి
అక్కా, తక్కువ ఉంటే పనికిరాదని ఎట్లా అంటారు? పులుసులో ఇంగువ గరిటెతో వేస్తామా? హైలురోనిక్ యాసిడ్ నీళ్ళలో ఒక శాతం కలిపితేనే జెల్ లాగా చిక్కబడుతుంది. టోనర్ నీళ్ళలా పారాలంటే అంతకన్నా తక్కువే వెయ్యాలి.

ఇంకో మాట. మే నెలలో గ్లిజరిన్ రాసుకుని అలిపిరి నుంచి నడవండి. గాలిగోపురం చేరేసరికి దారిలో దుమ్మంతా మొహానికే అంటుకుని ఉంటుంది. నేను చేసి చూశాను, అద్దంలో నన్ను నేనే గుర్తుపట్టలేదు. హైలురోనిక్ టోనర్‌కి అంత జిగట లేదు. నేను డబ్బులిచ్చేది దానికే.

రిటైర్డ్ కెమిస్ట్రీ సారు
జిగట సంగతి ఒప్పుకుంటాను. కానీ ‘తన బరువుకు వెయ్యి రెట్ల నీటిని పట్టి ఉంచుతుంది’ అన్న ప్రచారం ఉంది చూడండి, దాన్ని ఒకసారి లెక్కేద్దాం. 100 మి.లీ. సీసాలో 0.1 శాతం ఉందనుకోండి, అంటే 0.1 గ్రాము. వెయ్యి రెట్లు నిజమే అనుకున్నా అది పట్టేది 100 గ్రాముల నీటిని. ఆ నీళ్ళు సీసాలోనే ఉన్నాయి కదమ్మా! కొత్తగా గాలి నుంచి లాగేదేముంది?

మెట్లదారి
సార్, మొహం మీద ఆ నీళ్ళు ఆరిపోయాక మిగిలేది పల్చటి పొర. ఆ పొర ఉన్నంతసేపు చర్మం బిర్రుగా ఉండదు. సీసాలో లెక్క వేరు, చెంప మీద లెక్క వేరు.

రిటైర్డ్ కెమిస్ట్రీ సారు
ఆ పొర మాట నిజమే. పెద్ద అణువులు పైనే ఉండి ఆ పని చేస్తాయి. మార్కులు ఇస్తున్నాను, ఫుల్ మార్కులు కాదు.

మిట్టూరు
మధ్యలో వచ్చినందుకు ఏమనుకోకండి. మా అత్త ఈ హైలురోనిక్ యాసిడ్‌ను కోడి జుట్టు (తల మీది ఎర్రటి తురాయి) నుంచి తీస్తారని ఎక్కడో విని సీసాను పూజగది ఉన్న వైపుకే రానివ్వడం లేదు. నిజమా?

రిటైర్డ్ కెమిస్ట్రీ సారు
మీ అత్తగారు విన్నది అబద్ధం కాదు, పాతది. 1934లో కార్ల్ మేయర్, జాన్ పామర్ దీన్ని మొదట ఎద్దు కంటిలోంచి వేరుచేశారు. తర్వాత చాలాకాలం కోడి జుట్టు నుంచి తీసేవారు. ఇప్పుడు ఎక్కువగా బ్యాక్టీరియాతో, పులియబెట్టే పద్ధతిలో తయారవుతుంది. ఇడ్లీ పిండి గుర్తు చెయ్యండి, శాంతిస్తారేమో.

చిత్తూరు మందుల షాపు
గ్లిజరిన్ గ్లిజరిన్ అని అందరినీ ఎగదోసేముందు కౌంటర్ ఇవతల నుంచి రెండు మాటలు. డిసెంబరు వస్తే సీసా కొనుక్కెళ్ళి అట్లాగే పూసుకునేవాళ్ళు ఉన్నారు. నీళ్ళు కలపకుండా రాస్తే అది చర్మంలోని తేమనే లాగి ఇంకా ఎండగట్టొచ్చు. ఒక చెంచాకు పది చెంచాలైనా పన్నీరు పడాలి. సీసా మీద ఐ.పి. (ఇండియన్ ఫార్మకోపియా, అంటే మందుల నాణ్యత ప్రమాణం) అని ఉందో లేదో చూసుకోండి, రంగుల కొట్లో దొరికేది మొహానికి వద్దు. ఇంకోటి: ఇంట్లో కలిపినదాంట్లో పాడవకుండా ఉంచేదేమీ ఉండదు. కొంచెమే కలిపి, ఫ్రిజ్‌లో పెట్టి, వారంలో పారబోయండి. కంపెనీ సీసాకు మీరిచ్చే డబ్బులో ఆ ఫినాక్సీఇథనాల్ వాటా కూడా ఉందని మర్చిపోకండి.

నన్నడిగితే, రెండింటిలో ఏది రాసినా మొహం తడిగా ఉండగానే రాసి, పైన ఏదో ఒక క్రీము పూయాలి. ఫ్యాను కింద ఒట్టి టోనర్‌తో కూర్చుంటే ఏదైనా ఆవిరే.

బైరాగిపట్టెడ
మందుల షాపు అన్న చెప్పినట్టే వారం రోజులు చూశాను. ఎడమ చెంపకు పన్నీరు, గ్లిజరిన్. కుడి చెంపకు చెల్లెలి టోనర్. పైన రెండింటికీ ఒకటే క్రీము. పొద్దున తేడా లేదు. ఆఫీసు ఏసీలో సాయంత్రం నాలుగింటికి కూడా తేడా లేదు. రేణిగుంట నుంచి బస్సులో కిటికీ పక్కన కూర్చుని వస్తే మాత్రం ఎడమ చెంప మీద వేలితో గీత గీయొచ్చు. మెట్లదారి గెలిచినట్టే, కానీ ఆ గెలుపు జిగట వరకే.

గెలుపోటములు ఎట్లా ఉన్నా, ఒకటి మాత్రం స్వయంగా అనుభవించాను. పోయినేడు ఒక షాపులో ‘చల్లగా ఉంటుంది, చాలా హైడ్రేటింగ్’ అని ఇంకో టోనర్ అంటగట్టారు. నిజంగానే చల్లగా ఉండేది. రెండు వారాలకు ముక్కు పక్కన పొట్టు లేచింది. అప్పుడు తిప్పి చూస్తే నీటి తర్వాత రెండో పేరే డీనేచర్డ్ ఆల్కహాల్ (తాగడానికి పనికిరాకుండా చేసిన ఆల్కహాల్), కింద మెంథాల్. ఆ చల్లదనం ఆరిపోతున్న ఆల్కహాల్‌ది, మెంథాల్‌ది.

చెల్లెలి సీసా అయిపోవచ్చింది, ఇంకోటి కొంటానంటోంది. కొనేముందు వెనక వైపు ఫోటో పంపమన్నాను. ఇంతకుముందే పంపింది. ముందు వైపుది.