8 అంగుళాల డాబ్ టెలిస్కోప్‌లో కృత్తికలు చుట్టూ ఖాళీతో సహా పట్టాలంటే ఏ ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం)?

ప్రశ్న (కొత్తడాబ్)
నాది 8 అంగుళాల డాబ్సోనియన్ (డాబ్), ఫోకల్ లెంగ్త్ (అద్దం నుంచి ప్రతిబింబం ఏర్పడే దూరం) 1200 మి.మీ., ఎఫ్/6 (అంటే అద్దం వ్యాసానికి ఆరు రెట్లు). ఫోకసర్ (ఐపీస్ పెట్టి ముందుకూ వెనక్కీ జరిపే భాగం) 2 అంగుళాలది, పెట్టెలో వచ్చిన 25 మి.మీ. ప్లోజల్ (మామూలు రకం ఐపీస్) మాత్రం 1.25 అంగుళాలది. అందులో కృత్తికలు అంచులకు ఆనుకుని ఇరుగ్గా ఉన్నాయి. 1.25లోనే 40 మి.మీ. ప్లోజల్ కొంటే ఆకాశం ఇంకాస్త కనిపిస్తుందా? లేక ఫోకల్ రెడ్యూసర్ (ఫోకల్ లెంగ్త్‌ను తగ్గించే కటకం) పెట్టాలా?

జవాబు (గొట్టంలెక్క)
40 కొనకండి. ఎంత ఆకాశం కనిపిస్తుందో తేల్చేది ఐపీస్ మీద రాసిన మి.మీ. కాదు, ఫీల్డ్ స్టాప్. బ్యారెల్ (ఫోకసర్‌లో దూరే గొట్టం) వైపు నుంచి తొంగి చూస్తే లోపల కనిపించే రింగు అదే. దాని వ్యాసాన్ని టెలిస్కోప్ ఫోకల్ లెంగ్త్‌తో భాగించి 57.3తో గుణిస్తే డిగ్రీలు వస్తాయి.

మీ 25 ప్లోజల్‌కు రింగు సుమారు 21 మి.మీ., అంటే 1 డిగ్రీ. 1.25 అంగుళాల బ్యారెల్‌లో 27 మి.మీ.కి మించి రింగు పట్టదు. 32 ప్లోజల్ అక్కడికి చేరిపోతుంది: 1.29 డిగ్రీలు. 40 ప్లోజల్‌లోనూ అంతే ఆకాశం, కాకపోతే ఇంకా చిన్నగా, పైపులోంచి చూసినట్టు. 24 మి.మీ. పానాప్టిక్ (ఖరీదైన ఐపీస్) రింగు కూడా 27 మి.మీ.యే. ఆకాశం అంతే ఉన్నా, మాగ్నిఫికేషన్ 50 రెట్లు కాబట్టి ఇంకా పెద్దగా, వెనక నేపథ్యం ఇంకాస్త నల్లగా కనిపిస్తుంది.

మీ దగ్గర 2 అంగుళాల ఫోకసర్ ఉంది కాబట్టి దాన్నే వాడుకోండి. అక్కడ హద్దు సుమారు 46 మి.మీ., అంటే 2.2 డిగ్రీలు. మీ డాబ్‌తో దీన్ని మించి రాదు.

రెడ్యూసర్ మీ డాబ్ లాంటి న్యూటోనియన్‌కు (అద్దంతో కాంతిని పోగుచేసే టెలిస్కోప్‌కు) పనికిరాదు. అది ఫోకస్ బిందువును అద్దం వైపు లాగేస్తుంది, ఫోకసర్‌ను పూర్తిగా లోపలికి నెట్టినా అందదు.

జవాబు (పాతికేళ్ళకన్ను)
పై లెక్క సరే, కానీ 2.2 డిగ్రీల కోసం 41 మి.మీ. ఐపీస్ దాకా పోతే కంట్లోకి వచ్చే కాంతి కట్ట 41/6 = 6.8 మి.మీ. అవుతుంది. యాభై దాటిన చాలామందికి చీకట్లో కంటిపాప విప్పారడం 5 మి.మీ. దగ్గరే ఆగుతుంది. అప్పుడు 8 అంగుళాల అద్దం దాదాపు 6 అంగుళాల అద్దంలా పనిచేస్తుంది. ఆకాశం తగ్గదు, వెలుగు మాత్రం వృథా. ఊళ్ళోని వెలుగులో నేపథ్యం బూడిద రంగుకు తిరగడం అసలు ఇబ్బంది. 30, 31 మి.మీ. దగ్గర ఆగండి. 31 నాగ్లర్ (విశాలంగా చూపే ఐపీస్ రకం) రింగు 42 మి.మీ., అంటే 2 డిగ్రీలు. ఖరీదు మాత్రం గుండె గట్టిగా ఉన్నవాళ్ళకే.

జవాబు (గొట్టంలెక్క)
ఒప్పుకుంటా. చవకలో 38 మి.మీ., 70 డిగ్రీలది (ఇది కంటికి కనిపించే వృత్తం వెడల్పు, ఆకాశంలో కొలత కాదు) కూడా దొరుకుతుంది. అయితే ఎఫ్/6 దగ్గర అంచున నక్షత్రాలు రెక్కలు చాచిన పక్షుల్లా సాగుతాయి. తప్పు ఎవరిదో ఇలా తేల్చండి. అంచున ఒక నక్షత్రాన్ని ఉంచి ఫోకస్ అటూ ఇటూ తిప్పండి. సాగిన నక్షత్రపు గీత అడ్డం నుంచి నిలువుకు మారితే అది ఐపీస్ లోపం, అస్టిగ్మాటిజం. తిప్పితే అంచు పదునెక్కి మధ్య చెదిరితే ఫీల్డ్ వంపు. తోక ఎప్పుడూ మధ్య నుంచి బయటికే ఉంటే అది కోమా అనే అద్దం లోపం, ఏ ఐపీస్ మార్చినా పోదు. కోమా కరెక్టర్ పెడితే తగ్గుతుంది, కానీ కొన్ని కరెక్టర్లు ఫోకల్ లెంగ్త్‌ను 1.15 రెట్లు చేసి ఆకాశాన్ని ఆ మేరకు కోసేస్తాయి.

జవాబు (ఇనుపగొట్టం)
31 నాగ్లర్ కిలో దాకా తూగుతుంది. ఆ బరువుకు గొట్టం ముందు కొస కిందికి వాలుతుంది, ముఖ్యంగా దిగంతం దగ్గర చూసేటప్పుడు. మీది ఉక్కు గొట్టమైతే అద్దం వైపు చివర అయస్కాంతాలు అంటించండి, సరిపోయేదాకా ఒక్కొక్కటిగా చేర్చుకుంటూ. ఉక్కు కాకపోతే అంటుకోవు, బరువు సంచీని పట్టీతో కట్టాలి.

అమ్మేవాడు చెప్పిన డిగ్రీలు నమ్మక్కర్లేదు. ఒరాయన్ (వేటగాడు) నక్షత్రరాశి నడుములో పడమటి కొసన ఉన్న మింటాకా నక్షత్రం దాదాపు ఖగోళ మధ్యరేఖ మీదే ఉంది. డాబ్‌ను కదపకుండా దాన్ని ఒక అంచు నుంచి నడిమధ్యగా అవతలి అంచుకు జారనిచ్చి సెకన్లు లెక్కపెట్టి 240తో భాగించండి, డిగ్రీలు వస్తాయి. 25 ప్లోజల్‌కు 4 నిమిషాలు, 31 నాగ్లర్‌కు 8 నిమిషాలు రావాలి. నక్షత్రం మధ్య నుంచి కాకుండా పక్కగా పోతే లెక్క తగ్గుతుంది.

ప్రశ్న (కొత్తడాబ్)
40 మాట వదిలేశాను. 2 డిగ్రీల్లో ఆండ్రోమెడా గెలాక్సీ మొత్తం పడుతుందా అండీ?

జవాబు (పాతికేళ్ళకన్ను)
పడదు, పొడవు 3 డిగ్రీలు. దానికి 10×50 బైనాక్యులర్ చాలు, 6 డిగ్రీలకు పైగా చూపిస్తుంది. డాబ్‌ను దాని మధ్య భాగానికి, పక్కనున్న ఎం32 అనే చిన్న గెలాక్సీకీ ఉంచుకోండి.