ఉచిత బ్యాకప్ టూల్‌కి కూడా ఈఎస్ఎక్స్ఐ లైసెన్స్ కొనాలా?

ప్రశ్న: మా ఆఫీసులో ఈఎస్ఎక్స్ఐ (ఒకే సర్వర్ మీద చాలా వర్చువల్ కంప్యూటర్లు నడిపే వీఎంవేర్ సాఫ్ట్‌వేర్) మీద నాలుగు వీఎంలు, అంటే వర్చువల్ మెషీన్లు, ఉన్నాయి. బ్యాకప్ టూల్ వీమ్ కమ్యూనిటీ ఎడిషన్ ఉచితమే కదా, మరి ఈ వారం నుంచి బ్యాకప్ లైసెన్స్ ఎర్రర్‌తో ఎందుకు ఆగిపోతోంది? డేటా పోతుందేమోనని టెన్షన్‌గా ఉందండీ.

జవాబు: టూల్ ఉచితమే, 10 వర్క్‌లోడ్ల (బ్యాకప్ తీసే వీఎంల లాంటివి) దాకా. అడ్డం పడేది కింద ఉన్న ఈఎస్ఎక్స్ఐ. ఉచిత లైసెన్స్‌లో ఏపీఐ (బయటి ప్రోగ్రాంలు ఈఎస్ఎక్స్ఐతో మాట్లాడే మార్గం) చదవడానికే గానీ మార్పులు చేయడానికి పనికిరాదు, కాబట్టి బయటి టూల్ స్నాప్‌షాట్ (వీఎం ఆ క్షణంలో ఉన్న స్థితి) తీయమంటే ఒప్పుకోదు, వీసెంటర్‌కి (చాలా సర్వర్లను ఒకేచోట చూసుకునే వీఎంవేర్ టూల్) కలపడమూ కుదరదు. మొదటి 60 రోజుల ఇవాల్యుయేషన్ (ట్రయల్) గడువులో మాత్రం అన్నీ పనిచేస్తాయి.

ప్రశ్న అడిగినవారు: అవునండీ, రెండు నెలలు బాగానే నడిచింది!

ఇంకో జవాబు: లైసెన్స్ కొనలేకపోతే ప్రతి వీఎం లోపల వీమ్ ఏజెంట్ (లోపలి నుంచే బ్యాకప్ తీసే ప్రోగ్రాం) వేయండి, దానికి హైపర్‌వైజర్ (ఇక్కడ ఈఎస్ఎక్స్ఐ) ఏపీఐతో పని లేదు. వేశాక ఒక్కసారైనా రీస్టోర్ చేసి చూసుకోండి, దయచేసి.