ఇంట్లో దయ్యం సినిమా: తక్కువ ఖర్చు ఎఫెక్టులు ఎవరైనా చేశారా?

పానగల్ పోరడు: దసరా సెలవుల్లో పిల్లలతో చిన్న దయ్యం సినిమా తీస్తున్నాం. ఫోను, ట్రైపాడ్ ఉన్నాయి. ఖర్చు వెయ్యి దాటొద్దు. దయ్యం ఉన్నట్టుండి మాయం కావాలి. పొగ, రక్తం సరేసరి. నల్లగొండ చుట్టుపక్కల చేసినవాళ్లుంటే చెప్పండి.

పెళ్లి వీడియోల అన్న: తమ్మీ, మాయం చేయడానికి యాప్ అక్కర్లేదు. ఫోను బిగించి, స్క్రీన్ మీద వేలు నొక్కిపట్టి ఫోకస్, వెలుతురు లాక్ చెయ్యి. దయ్యం వచ్చి ఆగగానే మిగతావాళ్లు ఎక్కడివాళ్లు అక్కడ బిగుసుకుపోవాలి. దయ్యం ఫ్రేమ్ బయటికి పోయాక మళ్లీ కదలాలి. రికార్డింగ్ మాత్రం ఆపొద్దు, బటన్ నొక్కితే ఫోను జరుగుతుంది. మధ్య ముక్క కోసేస్తే అయిపోయింది. 1896లో ఫ్రాన్స్‌లో మెలియెస్ అనే సినిమా దర్శకుడు ఒకావిడను తెర మీద మాయం చేసింది ఈ లెక్కనే. ఫ్యాన్ ఆపు. కర్టెన్ ఊగినా కట్ దొరికిపోతుంది.

జడ్చర్ల అక్క: రక్తానికి చిక్కటి చక్కెర పాకం, ఎర్ర ఫుడ్ కలర్, చిటికెడు కాఫీ పొడి. కాఫీ వేయకపోతే అచ్చం రూహ్ అఫ్జాలా కనిపిస్తుంది. పాత బట్టలే తొడగండి, మరక పోదు. సీన్ అయ్యాక వెంటనే కడగాలి, లేదంటే చీమలు కూడా నటిస్తాయి.

పొగకు సాంబ్రాణి చాలు. గది చీకటి చేసి, టార్చ్‌ను పొగ వెనక నుంచి కెమెరా వైపు పెట్టండి. ముందు నుంచి లైటు కొడితే పొగ తెలియదు. ఆయాసం ఉన్న పిల్లలుంటే మాత్రం ఆరుబయటే తీయండి.

మిర్యాలగూడ మామ: వాన కావాలన్నా అంతే, వెనక లైటు, ముదురు రంగు గోడ. డాబా మీది నుంచి పైపుతో నీళ్లు పైకి చిమ్మితే చినుకులై పడతాయి. చేనుకు మందు కొట్టే పంపు మాత్రం తేవద్దు. ఎంత కడిగినా వద్దే వద్దు.

పానగల్ పోరడు: అక్కా, పొగ అదిరింది! కానీ రాత్రి ట్యూబ్‌లైటు కింద స్లో మోషన్ తీస్తే వెలుతురు కొట్టుకుంటోంది.

పెళ్లి వీడియోల అన్న: మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఒక్కో ఊపుకు రెండుసార్ల లెక్కన లైటు సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులవుతుంది, స్లో మోషన్ దాన్ని పట్టేస్తుంది. పగలు ఎండలో తీసి, ఎడిటింగ్‌లో నీలం కలిపి చీకటి చెయ్యి. మేం రాత్రి సీన్లు చాలావరకు ఇట్లనే లాగిస్తాం.

పాలమూరు పిలగాడు: దయ్యాన్ని పెద్దగా చూపాలంటే పొలానికి పోండి. దయ్యాన్ని ఫోనుకు రెండు అడుగుల్లో, భయపడేవాణ్ణి ఎనిమిది అడుగుల్లో నిలబెడితే వాడు నాలుగో వంతు కనిపిస్తాడు. ఇద్దరి మధ్య నేల కనిపిస్తే గుట్టు రట్టవుతుంది. ఫోను కింద పెట్టి గట్టు అడ్డం వచ్చేలా చూసుకోండి.

జడ్చర్ల అక్క: రెండడుగుల్లో అంటే దయ్యం మొహం బ్లర్ కాదా?

పాలమూరు పిలగాడు: మంచి ఎండలో, వైడ్ లెన్స్‌తో అంత కాదక్కా. ఫోకస్ వెనకవాడి మీద పెట్టండి. దయ్యం కొంచెం మసకగా ఉన్నా ఎవరూ అడగరు.