బూడిద గుమ్మడి తీగ మంచం నవారులా చదునైపోయింది, పీకేయాలా?

మాది అమలాపురం దగ్గర పల్లెటూరండి. వడియాలకని వంటపాక మీదకి బూడిద గుమ్మడి పాదు ఎక్కించాం. పది రోజుల నుంచి ఒక్క తీగ మాత్రం గుండ్రంగా కాకుండా అచ్చం నవారులా చదునుగా సాగుతోంది, కొస దగ్గరైతే బెత్తెడు వెడల్పుంది, దాని మీద ఆకులూ మొగ్గలూ తోసుకుంటున్నట్టు గుత్తిగా వస్తున్నాయి. మిగతా తీగలు బాగానే ఉన్నాయి. అత్తయ్యగారు ఇంటికి మంచిది కాదు పీకెయ్యమంటున్నారు, పక్కింటాయన వైరస్ అంటున్నారు. పిందెలు దిగే టైములో పీకాలంటే నాకు చేతులు రావట్లేదు.

కడియం నర్సరీ:
పీకకండి! దీన్ని ఫాసియేషన్ అంటారు. తీగ కొసన పెరిగే కణాలు మామూలుగా చుక్కలా ఒకచోట ఉంటాయి, ఆ చుక్క కాస్తా గీతలా సాగితే కాడ పట్టీ అయిపోతుంది. కొసకి దెబ్బ తగిలినా, పురుగు కొరికినా, హార్మోన్లు అటూ ఇటూ అయినా వస్తుంది, చాలాసార్లు కారణమే దొరకదు. సీతమ్మ జడ పూలు చూశారుగా, ఆ కోడిజుట్టు ఆకారం ఇదే, కాకపోతే దానికది విత్తనంలోనే ఉంది కాబట్టి ఏటా అలాగే పూస్తుంది. కాక్టస్ ఇలా తిరిగితే అంటుకట్టి ఎక్కువ రేటుకి అమ్ముతాం, మీరేమో పీకేస్తానంటున్నారు :)

లంక రైతు:
చుట్టుపక్కల దాళ్వా చేలల్లో కలుపు మందు కొట్టారా? 2,4-డి గాలికి కొట్టుకొస్తే గుమ్మడి జాతి తట్టుకోలేదు. కానీ అప్పుడు ఆకులు సన్నబడి మెలితిరుగుతాయి, ఒక్క తీగతో ఆగదు. వైరస్ అయినా ఆకుల మీద పసుపు మచ్చలో ముడతలో కనిపించాలి.

అడిగినావిడ:
ఆకులు శుభ్రంగా ఉన్నాయండి. పాక తాటాకు మార్చినప్పుడు ఆ తీగ కొస నలిగింది, ఇప్పుడు గుర్తొచ్చింది. అదేనేమో.

బాటనీ మాస్టారు:
అయ్యుండొచ్చు. ఒక రకం బాక్టీరియా వల్ల కూడా వస్తుంది, అయితే అప్పుడు పాదు మొదలు దగ్గర, మట్టికి ఆనుకునే పొట్టి పిలకలు గుత్తులు కడతాయి. అలా ఉంటేనే తీసేసి కత్తి కడుక్కోండి. లేదంటే చదును మొదలైన చోటుకి కింద కణుపు దగ్గర కత్తిరించండి, పక్క పిలకలు మామూలుగానే వస్తాయి. కాయ తినొచ్చు. అన్నట్టు, వంశపారంపర్య లక్షణాల మీద 1866లో మెండెల్ అచ్చు వేయించిన బఠానీ మొక్కల లెక్కల్లో పూలన్నీ కొసనే గుత్తిగా పూసే రకం కూడా ఈ బాపతే.

అడిగినావిడ:
అత్తయ్యగారికి సీతమ్మ జడ సంగతి చెప్పాను. కాసేపు ఆలోచించి "అయితే వడియాలకి పనికొస్తుందన్నమాట" అన్నారు.