మార్పు తెస్తానంటున్న అభ్యర్థిని నమ్మేదెలా?

మాది విశాఖలో కంచరపాలెం వైపు. ఇంటి పక్కనే గెడ్డ, అంటే వాననీరు, మురుగు పోయే కాలువ. గట్టి వాన పడితే నీళ్లు గుమ్మం దాటొస్తాయి, మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టుకుంటాం. 2021లో జీవీఎంసీ (మా నగరపాలక సంస్థ) 98 వార్డులకు ఎన్నికలప్పుడు ఒకాయన మా అమ్మ చేతులు పట్టుకుని ‘ఈసారి మార్పు చూస్తావమ్మా’ అన్నారు. ఆ కరపత్రం ఇప్పుడు బియ్యం డబ్బా కింద ఉంది. గెడ్డ గెడ్డలాగే ఉంది. మళ్లీ ఇంకో కొత్త ముఖం, అదే మాట!

నామినేషన్‌తో ఇచ్చే అఫిడవిట్‌లో కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు ఉంటాయని తెలుసు. మనిషి పని చేస్తాడో లేదో అందులో ఉండదుగా.

పాత కార్పొరేటర్ మా వార్డుకి ఏం పనులు చేయించారో, ఎంత ఖర్చయిందో సమాచార హక్కు కింద అడిగి తెలుసుకున్నవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? ముప్పై రోజుల్లో నిజంగా జవాబు వచ్చిందా? దరఖాస్తులో ఏమని రాశారు?

కొత్తగా నిలబడేవాళ్లనైతే ఏం అడగాలి? ‘గెడ్డ బాగుచేస్తారా’ అంటే ఎవరైనా చేస్తామనే అంటారు. నోటా నొక్కేద్దామంటే, దానికెన్ని ఓట్లు పడ్డా గెలిచేవాడు గెలుస్తాడట. అమ్మయితే ఓటుకే రానంటోంది. ఆవిడకేం చెప్పను?